చూసిన జంతువు, చూపిన జంతువు: జ్ఞానోదయ యుగపు జంతు చిత్రాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• 18వ శతాబ్దంలో జంతు చిత్రాలకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో వివరించగలరు.
• ఒక జంతు చిత్రాన్ని "సహజంగా ఉంది" అన్న మాటతో సరిపెట్టకుండా విమర్శనాత్మకంగా పరిశీలించగలరు.
• ఊద్రీ, స్టబ్స్ వంటి చిత్రకారుల కృషిని, మన విశాఖపట్నంలో తయారైన పాముల చిత్రాలను ఒకే కొలమానంతో పోల్చగలరు.

1. పరిచయం

18వ శతాబ్దపు యూరప్‌లో జంతువుల బొమ్మలు అంతకు ముందెన్నడూ లేనంత విస్తారంగా వచ్చాయి. సముద్ర వ్యాపారం దూరదేశాల జంతువులను రేవులకు చేర్చింది. రాగి ఫలకాల ముద్రణ వాటి రూపాలను పాఠకుల ఇళ్లకు చేర్చింది. ఫ్రాన్స్‌లో బ్యూఫాన్ 1749లో మొదలుపెట్టిన 'ప్రకృతి చరిత్ర' సంపుటం తరవాత సంపుటంగా, బొమ్మలతో సహా దశాబ్దాల పాటు వెలువడింది. స్వీడన్‌లో లిన్నేయస్ 1758లో 'ప్రకృతి వ్యవస్థ' పదో ముద్రణ ద్వారా జంతువులకు రెండు మాటల లాటిన్ పేర్లను స్థిరపరిచాడు. జంతువుకు పేరు పెట్టాలన్నా, ఒకదాన్ని మరొకదాని నుంచి వేరుచేయాలన్నా నలుగురూ చూడగలిగే ఆధారం కావాలి. చచ్చిన జంతువు కుళ్లిపోతుంది. బతికిన జంతువు ఒక్క ఊళ్లోనే ఉంటుంది. బొమ్మ మాత్రం అన్ని ఊళ్లకూ వెళ్లగలదు.

ఈ బొమ్మల గురించి సాధారణంగా వినిపించే అభిప్రాయం ఒకటి ఉంది. వీటిలో సగం శాస్త్రం, సగం కళ. శాస్త్రం కొలతలు ఇచ్చింది, కళ అందం ఇచ్చింది అని. వినడానికి బాగున్నా ఈ పంపకం నిలబడదు. ఒక మంచి జంతు చిత్రంలో ఈ గీత శాస్త్రానిది, ఈ గీత కళది అని విడదీయలేం. ఏ భంగిమలో నిలపాలి, ఏ వైపు నుంచి చూడాలి, వెనక ఏముండాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలే బొమ్మకు నిజాన్నీ ఇస్తాయి, అందాన్నీ ఇస్తాయి. అబద్ధం చొరబడేది కూడా ఆ దారినే.

అందువల్ల ఈ పాఠంలో ప్రతి చిత్రాన్నీ మూడు ప్రశ్నలతో పరిశీలిస్తాం.

(అ) చిత్రకారుడి ఎదుట ఉన్న దేహం ఏది? బతికున్న జంతువా, చచ్చినదా, తోలు మాత్రమేనా, లేక ఎవరో చెప్పిన మాటేనా?
(ఆ) బొమ్మలోంచి ఏది తీసేశారు?
(ఇ) అందులో తప్పుంటే దాన్ని ఎవరు, ఎలా పట్టుకోగలరు?

2. వినికిడి మీద గీసిన ఖడ్గమృగం

మన కాలపరిధి 18వ శతాబ్దమే అయినా, దానికి పూర్వరంగంగా 1515 నాటి ఒక బొమ్మను చూడాలి. గుజరాత్ సుల్తాను రెండో ముజఫర్ షా పోర్చుగీసు వారికి కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం ఆ ఏడాది మే నెలలో లిస్బన్ రేవులో దిగింది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఉన్న ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ దాన్ని చూడలేదు. లిస్బన్ నుంచి వచ్చిన వర్ణన, ఒక చిన్న రేఖాచిత్రం ఆధారంగా కొయ్య దిమ్మె మీద ముద్రకు బొమ్మ తయారుచేశాడు. ఆ జంతువును మరుసటి ఏడాది పోపుకు కానుకగా పంపుతుండగా ఓడ మునిగి చనిపోయింది. బొమ్మ మాత్రం రెండు శతాబ్దాలకు పైగా బతికింది.

డ్యూరర్ ఖడ్గమృగానికి ఒళ్లంతా యోధుడి కవచంలాంటి పలకలు, కాళ్ల మీద పొలుసులు, భుజాల మీద మెలితిరిగిన మరో చిన్న కొమ్ము ఉంటాయి. మన దేశపు ఖడ్గమృగానికి చర్మం మందమైన మడతలుగా ఉంటుంది, బొడిపెలూ ఉంటాయి. కాబట్టి కవచం పూర్తి కల్పన కాదు. విన్న మాటను తనకు తెలిసిన వస్తువులోకి మార్చుకున్నాడు డ్యూరర్. భుజాల మీది కొమ్ముకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఇక్కడ గమనించాల్సింది డ్యూరర్ పొరపాటును కాదు, ఆ పొరపాటు బతికిన కాలాన్ని. ప్రకృతి గ్రంథాలు రాసినవారు ఒకరి తరవాత ఒకరు ఆ బొమ్మనే ఎత్తి రాసుకున్నారు, కొమ్ముతో సహా. సరిచూసుకోవడానికి ఎవరి దగ్గరా జంతువు లేదు. పైగా ఆ గీతలో గొప్ప నమ్మకం ఉంది. ప్రతి పలక అంచూ, ప్రతి పొలుసూ దగ్గర నిలబడి చూసినట్టు కనిపిస్తాయి. వివరం ఎక్కువగా ఉన్నంత మాత్రాన బొమ్మ నిజం కాదన్నది ఈ పాఠానికి పునాది.

3. క్లారా: ఒక జంతువు, ఎన్నో బొమ్మలు

1741 జూలైలో డచ్చి ఓడ కెప్టెన్ డౌవే మౌట్ వాన్ డెర్ మేర్ ఒక ఆడ ఖడ్గమృగాన్ని రాటర్‌డామ్‌లో దించాడు. దాన్ని పిల్లగా ఉన్నప్పుడు బెంగాల్‌లో డచ్చి కంపెనీ అధికారి సిక్టర్మాన్ తన ఇంట్లో పెంచాడు. క్లారా అని పిలిచే ఆ జంతువును ఓడ యజమాని 17 ఏళ్ల పాటు బండిలో ఊరూరా తిప్పి డబ్బులకు ప్రదర్శించాడు. వియన్నా, బెర్లిన్, డ్రెస్డెన్, పారిస్, రోమ్, వెనిస్ అన్నీ తిరిగి చివరకు 1758లో అది లండన్‌లో చనిపోయింది. అప్పటికి దాని వయసు సుమారు 20 ఏళ్లు.

ఒకే జంతువును ఎందరో చిత్రకారులు వేర్వేరు ఊళ్లలో చూసి గీయడం వల్ల పోల్చడానికి వీలు చిక్కింది. భుజాల మీది కొమ్ము కాలక్రమంలో పుస్తకాల్లోంచి మాయమైంది. వాదంతో దాన్ని ఎవరూ ఓడించలేదు. టికెట్టు కొనుక్కున్న ప్రతివాడూ కళ్లారా చూసి సరిచూసుకోగలిగాడు. మన మూడో ప్రశ్నకు ఇది స్పష్టమైన జవాబు.

1749లో పారిస్‌లో జాన్ బాప్తీస్త్ ఊద్రీ క్లారాను జంతువు అసలు పరిమాణంలోనే తైలవర్ణ చిత్రంగా వేశాడు. ఆ చిత్రం మూడు మీటర్లకు పైగా ఎత్తు, దాదాపు నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. ఇప్పుడు జర్మనీలోని ష్వెరిన్ మ్యూజియంలో ఉంది. ఊద్రీ చిత్రణే తరవాత బ్యూఫాన్ 'ప్రకృతి చరిత్ర'లో 1764లో వచ్చిన 11వ సంపుటంలోని ఖడ్గమృగం ఫలకానికి ఆధారమైంది. రాజులు చూసే ప్రదర్శనశాలకు వేసిన చిత్రం శాస్త్ర గ్రంథంలో ఆధారంగా నిలిచింది. శాస్త్రం, కళ అన్న పంపకం నిలబడదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇక రెండో ప్రశ్న వేద్దాం. ఏది తీసేశారు? ఊద్రీ చిత్రంలో క్లారా ఆరుబయట, మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. బండి లేదు, కంచె లేదు, కాపలావాడు లేడు, జనం లేరు. అడవిలో దాన్ని అలా చూసినవారు ఆనాటి పారిస్‌లో ఎవరూ లేరు. చర్మపు మడతలు, కంటి చుట్టూ ముడతలు ఎంతో శ్రద్ధగా వేసిన చిత్రకారుడు, ఆ జంతువు బతుకులోని ముఖ్యమైన వాస్తవాన్ని, అంటే బందీతనాన్ని, పక్కన పెట్టాడు.

రెండేళ్ల తరవాత వెనిస్‌లో పియెత్రో లోంగీ అదే జంతువును చిన్న చిత్రంగా వేశాడు. అందులో కొయ్య అడ్డు వెనక ముసుగులు ధరించిన ప్రేక్షకులు ఉంటారు. క్లారా గడ్డి తింటూ ఉంటుంది. ముందు దాని పేడ కూడా కనిపిస్తుంది. కాపలావాడు ఒక చేత్తో దాని కొమ్మును పైకెత్తి చూపుతుంటాడు. ఆ కొమ్ము అంతకు ముందే ఊడిపోయింది. శరీర నిర్మాణం తెలుసుకోవాలంటే లోంగీ చిత్రం ఊద్రీ చిత్రం ముందు నిలవదు. కానీ 18వ శతాబ్దపు యూరప్‌లో ఒక భారతీయ ఖడ్గమృగం ఎలా బతికిందో తెలుసుకోవాలంటే లోంగీ దగ్గరికే వెళ్లాలి. "ఏది నిజమైన చిత్రం?" అని అడిగితే జవాబు రాదు. "దేని గురించి నిజం?" అని అడగాలి.

4. ఒక్క జంతువా, మొత్తం జాతా?

క్లారా మరో పుస్తకంలోనూ ఊహించని చోట కనిపిస్తుంది. లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్బీనస్ 1747లో మనిషి ఎముకలు, కండరాల మీద ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. దానికి చిత్రకారుడు యాన్ వాండెలార్. అందులోని రెండు ఫలకాల్లో మనిషి దేహం వెనక ఖడ్గమృగం నిలబడి ఉంటుంది. ఒకదాంట్లో ముందు నుంచి, మరోదాంట్లో వెనక నుంచి కనిపిస్తుంది. క్లారా హాలండ్‌లో ఉన్నప్పుడు వాండెలార్ దాన్ని చూసి గీసిన బొమ్మలే వీటికి ఆధారం.

కొలతల విషయంలో ఆల్బీనస్ చాలా పట్టుదల మనిషి. అస్థిపంజరానికి ఎదురుగా దారాలతో గళ్లు కట్టిన చట్రాలు నిలిపి, ఆ గళ్ల ద్వారా చూస్తూ గీయించాడు. అయినా అతను ఎంచుకున్నది ఏదో ఒక అస్థిపంజరం కాదు. అన్నిటికంటే చక్కగా ఉన్నదాన్ని ఏరుకుని, అందులో కనిపించిన లోపాలను బొమ్మలో సరిదిద్దించాడు. మనకు ఇది వింతగా తోచవచ్చు. కొలిచిందాన్ని మళ్లీ మార్చడమేమిటి? ఆనాటి శాస్త్రవేత్తకు ఇందులో వైరుధ్యం లేదు. ఒక్కొక్క దేహంలో ఉండే ప్రత్యేక లోపాలను దాటి, జాతి మొత్తానికి చెల్లే రూపాన్ని చూపడమే శాస్త్రమని అతని నమ్మకం. విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు లొరెయిన్ డాస్టన్, పీటర్ గాలిసన్ 2007లో వెలువరించిన గ్రంథంలో ఈ ధోరణినే "ప్రకృతి పట్ల సత్యం" అన్న పేరుతో వివరించారు. ఉన్నదున్నట్టు, చెయ్యి పెట్టకుండా చూపాలన్న ఆదర్శం 19వ శతాబ్దంలో బలపడింది.

ఇది తెలిస్తే ఈ కాలపు బొమ్మలను తొందరపడి "సొగసులు దిద్దారు" అని తప్పుపట్టం. అలాగని దిద్దుబాటును గుడ్డిగా అంగీకరించాల్సిన పనీ లేదు. ఏది లోపం, ఏది సహజం అని తేల్చిందెవరు? ఆ తీర్పు బొమ్మలో కనబడదు. పాఠకుడి ముందు తుది రూపం మాత్రమే ఉంటుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(1) డ్యూరర్ బొమ్మలోని పొరపాటు రెండు శతాబ్దాలు నిలవడానికి కారణమేమిటి?
(2) ఊద్రీ, లోంగీ చిత్రాల్లో క్లారా పరిసరాలు ఎలా వేరుగా ఉన్నాయి?

5. స్టబ్స్: గుర్రం లోపలికి

ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ స్టబ్స్ (1724–1806) లివర్‌పూల్‌లో తోలు పదును చేసే వ్యాపారి కొడుకు. చిన్ననాటి నుంచి అతను జంతువుల చర్మాల మధ్య పెరిగాడు. 1750ల చివర్లో లింకన్‌షైర్‌లోని హార్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇల్లు తీసుకుని 18 నెలల పాటు గుర్రాలను కోసి పరిశీలించాడు. మేరీ స్పెన్సర్ అతనికి తోడుగా పనిచేసింది. చచ్చిన గుర్రాన్ని పైకప్పు నుంచి ఇనుప కమ్మీకి కొక్కేలతో వేలాడదీసి, కాళ్ల కింద పలక పెట్టి, నడుస్తున్న భంగిమలో నిలిపేవాడు. రక్తనాళాలు ముడుచుకుపోకుండా వాటిలోకి కరిగిన కొవ్వు ఎక్కించేవాడు. చర్మం నుంచి ఎముక దాకా ఒక్కో పొర తీస్తూ గీసుకుంటూ పోయాడు. ఒక గుర్రాన్ని 11 వారాల పాటు ఉంచుకుని పనిచేశాడని చెబుతారు. ఆ వాసనలో, ఆ గదిలో 11 వారాలంటే ఎంత ఓర్పు కావాలో ఊహించుకోవచ్చు.

రాగి ఫలకాల మీద ఈ బొమ్మలు చెక్కడానికి లండన్ చెక్కుడు పనివారు ముందుకు రాలేదు. స్టబ్స్ తానే కూర్చుని చెక్కాడు. 1766లో 'గుర్రపు శరీర నిర్మాణం' వెలువడింది. అందులో 18 ప్రధాన ఫలకాలున్నాయి. పక్క నుంచి, ముందు నుంచి, వెనక నుంచి మూడు దిక్కుల్లో ఎముకలు, తరవాత వరుసగా కండరాల పొరలు కనిపిస్తాయి.

ఈ ఫలకాల్లో వెనక ఏమీ ఉండదు. ఆల్బీనస్ పుస్తకంలో లాగా చెట్లూ లేవు, ఖడ్గమృగమూ లేదు. కోసిన గుర్రం తెల్ల కాగితం మీద నడుస్తూ ఉంటుంది. కొక్కేలు, కమ్మీ కూడా కనిపించవు. ఇక్కడ మన రెండో ప్రశ్నకు రెండు జవాబులు వస్తాయి. వెనక దృశ్యాన్ని తీసేయడం చూసేవాడికి మేలు చేసింది, కన్ను కండరం మీదనే నిలుస్తుంది. కొక్కేలను తీసేయడం మరో పని చేసింది. చచ్చిన జంతువు తనంతట తానే నడుస్తున్నట్టు నమ్మించింది. బతికున్న గుర్రంలో ఏ కండరమూ అలా బయటికి కనిపించదు, వేలాడుతున్న కళేబరం అలా అడుగు వేయదు. ఈ రెంటినీ కలిపి ఎవరూ ఎన్నడూ చూడలేని గుర్రాన్ని స్టబ్స్ చూపాడు. అయినా పశువైద్యుడు దాన్ని నమ్మి ఉపయోగించుకోగలడు. ఎందుకంటే కత్తి పట్టి మరో గుర్రాన్ని కోసి ప్రతి పొరనూ సరిచూసుకోవచ్చు. ఈ కల్పన సరిచూడటానికి అడ్డురాదు. డ్యూరర్ కొమ్ముకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

సుమారు 1762లో వేసిన 'విజిల్‌జాకెట్' అనే పందెపు గుర్రం తైలచిత్రంలోనూ స్టబ్స్ వెనక ఏమీ వేయలేదు. శాస్త్ర ఫలకంలో నేర్చిన పద్ధతి కళాఖండంలో పనిచేసిందో, కళాకారుడి చూపు ఫలకంలో పనిచేసిందో తేల్చలేం. తేల్చనవసరమూ లేదు.

6. స్టబ్స్: వాదించే బొమ్మలు

లండన్ వైద్యుడు విలియం హంటర్ శాస్త్ర చర్చల కోసం స్టబ్స్ చేత కొన్ని చిత్రాలు వేయించుకున్నాడు. 1769లో వేసిన చిత్రం మన దేశపు నీల్‌గాయ్‌ది, అంటే మనుబోతుది. హంటర్ ఆ జంతువు గురించి రాయల్ సొసైటీ పత్రికలో రాస్తూ, మాటల వర్ణన కంటే మంచి చిత్రం స్పష్టమైన అవగాహన ఇస్తుందని స్టబ్స్ చిత్రాన్ని ప్రస్తావించాడు. వైద్యుడే బొమ్మను సాక్ష్యంగా ముందుకు తెచ్చాడు.

1770లో వేసిన మూస్ చిత్రం ఇంకా ఆసక్తికరం. మూస్ ఉత్తర అమెరికాకు చెందిన భారీ దుప్పి. ఆ రోజుల్లో ఐర్లండ్ బురద నేలల్లో పెద్ద పెద్ద కొమ్ములు దొరుకుతుండేవి. అవి అమెరికాలో ఇంకా బతికున్న మూస్ కొమ్ములేనా, లేక భూమి మీద ఇప్పుడు లేని మరో జంతువువా? రెండోదే నిజమైతే ఒక జాతి మొత్తం అంతరించిందని ఒప్పుకోవాలి. సృష్టిలో ఏదీ పూర్తిగా నశించదని నమ్మే కాలంలో అది చిన్న మాట కాదు. ఇంగ్లండ్‌లో రిచ్‌మండ్ డ్యూక్ దగ్గర ఉన్న మూస్ పడుచుది, దాని కొమ్ములు ఇంకా పూర్తిగా పెరగలేదు. అందుకని స్టబ్స్ చిత్రంలో దాని ముందు నేల మీద ఎదిగిన మూస్ కొమ్ముల జతను పడి ఉన్నట్టు వేశాడు. చూసేవాడికి అది ప్రకృతి దృశ్యంలో ఒక వస్తువు. హంటర్‌కు అది పోల్చి చూడాల్సిన సాక్ష్యం. తరవాతి తరంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కూవియే ఐర్లండ్ కొమ్ములు అంతరించిన జాతివేనని స్థిరపరిచాడు.

ఇవి రెండూ బతికున్న జంతువులను చూసి వేసినవి. 1772లో వేసిన కంగారూ చిత్రం కథ వేరు. ఎండెవర్ ఓడ 1770లో ఆస్ట్రేలియా తీరంలో ఆగింది. ఆ ప్రయాణంలో పాల్గొన్న జోసెఫ్ బ్యాంక్స్ తెచ్చిన తోలు స్టబ్స్ ముందున్న దేహం. ఆ తోలుకు ఆకారం ఇచ్చి, ప్రయాణంలో సిడ్నీ పార్కిన్‌సన్ గీసిన రేఖాచిత్రాలు, బ్యాంక్స్ మాటలు ఆధారంగా బొమ్మ వేయాల్సి వచ్చింది. గుర్రాన్ని ఎముక దాకా ఎరిగిన చిత్రకారుడికి ఇక్కడ ఎముకే లేదు. రాయి మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్న ఆ జంతువు ముద్దుగా ఉంటుంది, కానీ లోపల కండరం లేని బొమ్మలా తోస్తుంది. దీని ఆధారంగా చెక్కిన ముద్రాచిత్రం 1773లో వెలువడిన యాత్రా గ్రంథంలో చేరి యూరప్ అంతటా కంగారూకు గుర్తుగా మారింది. అదే చెయ్యి, అదే శ్రద్ధ. ఎదుట ఉన్న దేహం మారేసరికి ఫలితం మారింది. మొదటి ప్రశ్న ఎందుకు అవసరమో ఈ పోలిక చెబుతుంది.

7. విశాఖపట్నం పాములు

ఇంతవరకు చూసిన బొమ్మల్లో తప్పు దొర్లినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. భుజం మీద కొమ్ము ఉందని నమ్మినవాడికి ఏ నష్టమూ రాలేదు. ప్రాణం మీదికి వచ్చే చోట బొమ్మ మీద ఎలాంటి బరువు పడుతుందో తెలుసుకోవాలంటే కోరమాండల్ తీరానికి రావాలి.

స్కాట్లండ్‌లో పుట్టిన వైద్యుడు పాట్రిక్ రసెల్ 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. 1785 నుంచి ఈస్ట్ ఇండియా కంపెనీకి ఇక్కడి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. పాముకాటు మరణాలు అతని ముఖ్యమైన ఆందోళన. ఏ పాము విషపుది, ఏది కాదు అన్నది చూడగానే చెప్పగలమా? ఈ ప్రశ్నకు జవాబుగా పాములను సేకరించి, కోరలు పరిశీలించి, కోళ్ల మీద, కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. కోరమాండల్ తీరపు పాములపై అతని సచిత్ర గ్రంథం 1796లో లండన్‌లో వెలువడింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద మరో గ్రంథం 1803లో వచ్చింది.

పాముల బొమ్మల్లో చిక్కు ఏమిటంటే, కళ్లకు ముందుగా కనిపించే రంగే ఎక్కువ మోసం చేస్తుంది. ఒకే జాతి పాము వయసును బట్టి, కుబుసం విడిచే సమయాన్ని బట్టి రంగు మారినట్టు కనిపిస్తుంది. చచ్చిన పాము రంగు నిలవదు. అచ్చయిన ఫలకం మీద రంగును ఒక్కో ప్రతికీ చేత్తో అద్దాలి. అందుకని రసెల్ పుస్తకంలో బొమ్మ ఒంటరిగా ఉండదు. పొట్ట కింది పలకలు ఎన్ని, తోక కింది పొలుసులు ఎన్ని అన్న లెక్కలు పక్కన ఉంటాయి. విషానికి తిరుగులేని గుర్తు కోరలే అన్న వైద్యుడి పరిశీలన ఉంటుంది. బొమ్మ చాలదని ఒప్పుకుని, చాలని చోటును మాటతో, అంకెతో నింపడం ఈ పుస్తకం గొప్పతనం. సరిచూసుకునే దారి పుస్తకంలోనే ఉంది. పాము చేతికి చిక్కినవాడు పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు.

రసెల్ మరో పని కూడా చేశాడు. స్థానికులు ఏ పామును ఏమని పిలుస్తారో అడిగి, తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో ఫలకాలకు జోడించాడు. మనం రక్తపింజరి అనే పాము అక్కడ 'కాటుక రేకుల పొడ'. వీపు మీద వరుసగా ఉండే నల్లటి అంచుల మచ్చలను చూసినవారికి ఆ పేరు ఎంత నిశితమైన వర్ణనో అర్థమవుతుంది. బొమ్మ చేయాల్సిన పనిని ఆ పేరు మూడు మాటల్లో చేసింది. ఇంగ్లీషువారు ఆ పామును ఇప్పుడు 'రసెల్స్ వైపర్' అంటారు. పసుపు, నలుపు పట్టీలుండే మరో విషసర్పాన్ని రసెల్ 'బంగారు పాము' పేరుతో నమోదు చేశాడు. జర్మన్ పండితుడు ష్నైడర్ 1801లో రసెల్ ఫలకం ఆధారంగానే ఆ పాము జాతికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఫ్రాన్స్‌లో దోదాఁ 1803లో ఆ ప్రజాతికి 'బుంగారస్' అని పేరు పెట్టాడు. కట్లపాములన్నీ ఇవాళ ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో మన 'బంగారు' అన్న మాటతోనే ఉన్నాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, దూరదేశంలో ఉన్న పండితుడికి బొమ్మే జంతువు అయింది. ఫలకంలో పొరపాటుంటే పేరుకు పునాది అయిన వర్ణనలోనూ పొరపాటు చేరుతుంది. రెండోది, పేరు ప్రతిష్ఠల పంపకం. చేపల గ్రంథానికి బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారుడు. చేపను వల నుంచి తీసి పేరు చెప్పింది ఈ తీరంలోని మత్స్యకారులు. ముఖపత్రం మీద ఉన్నది రసెల్ పేరొక్కటే. క్లారా చిత్రంలో కంచె మాయమైనట్టు, స్టబ్స్ ఫలకంలో కొక్కేలు మాయమైనట్టు, ఇక్కడ గీసిన చెయ్యి మాయమైంది. మన భాష మాట శాస్త్రంలో నిలిచింది, మన చిత్రకారుడి పేరు నిలవలేదు. మొదటిదానికి గర్వపడటంతో ఆగకుండా, రెండోదాన్ని కూడా అడగడం విమర్శ బాధ్యత.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
(1) కంగారూ చిత్రం గుర్రం ఫలకాలంత బలంగా లేకపోవడానికి కారణమేమిటి?
(2) రసెల్ బొమ్మలకు తోడుగా పొలుసుల లెక్కలు ఎందుకు ఇచ్చాడు?

8. విమర్శకు కొలమానం

ఈ చిత్రాలను వరుసగా చూశాక ఒక తీర్పు చెప్పవచ్చు. జ్ఞానోదయ యుగపు జంతు చిత్రాల్లో మంచివి ఏవంటే, ఎక్కువ వివరం ఉన్నవీ కావు, ఎక్కువ అందమైనవీ కావు. తమను సరిచూసుకునే అవకాశం చూసేవాడికి మిగిల్చినవి. స్టబ్స్ గుర్రాన్ని కత్తితో సరిచూడవచ్చు. రసెల్ పామును లెక్కతో సరిచూడవచ్చు. మూస్ చిత్రం పోల్చుకోవడానికి కొమ్ముల జతను ముందే పెట్టింది. ఊద్రీ చిత్రం గొప్పదే. అయితే బందీతనాన్ని దాచిన ఆ మైదానాన్ని సరిచూడాలంటే దాని పక్కన లోంగీ చిత్రాన్ని పెట్టాలి.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. కళను సరిచూసుకోవడంతో కొలిస్తే ఆనందానికి చోటేదీ అని. విజిల్‌జాకెట్ ముందు నిలబడినవాడు కండరాలు లెక్కపెట్టడు, నిజమే. కానీ ఆ గుర్రం మెడ వంపులోని బిగువు మనల్ని ఆపేస్తుందంటే, హార్క్‌స్టోలో 18 నెలల పని అందులో ఉంది కాబట్టే. కంగారూ చిత్రంలో ఆ బిగువు లేదు. చూడగలిగినంత చూడటం వల్లనే ఆ ఆనందం కూడా వచ్చింది.

సారాంశం

18వ శతాబ్దంలో జంతువులకు పేర్లు పెట్టడానికి, పోల్చడానికి బొమ్మలు ఆధారమయ్యాయి. వాటిలో శాస్త్రం, కళ వేర్వేరు భాగాలుగా ఉండవు; భంగిమ, కోణం, నేపథ్యం వంటి నిర్ణయాల్లో రెండూ కలిసే ఉంటాయి. చిత్రకారుడి ఎదుట ఉన్న దేహం ఏది, ఏది తీసేశారు, ఎలా సరిచూడగలం అన్న మూడు ప్రశ్నలు ఈ చిత్రాల బలాన్నీ, లోపాన్నీ చూపుతాయి. విశాఖపట్నంలో రసెల్ చేసిన పని బొమ్మకు ఉన్న శక్తినీ, పరిమితినీ, దాని వెనక మరుగునపడిన చేతులనూ మన ముందు పెడుతుంది.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. డ్యూరర్, ఊద్రీ, లోంగీల ఖడ్గమృగ చిత్రాలను పోల్చి విమర్శించండి.
2. స్టబ్స్ గుర్రం, మూస్, కంగారూ చిత్రాల ఆధారంగా, చిత్రకారుడి ఎదుట ఉన్న దేహం చిత్ర స్వభావాన్ని ఎలా నిర్ణయిస్తుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆల్బీనస్ దృష్టిలో దిద్దుబాటు శాస్త్రానికి ఎందుకు విరుద్ధం కాదు?
2. 'బుంగారస్' అన్న శాస్త్రీయ నామం కథను వివరించండి.
3. మీ పాఠ్యపుస్తకంలోనో, మ్యూజియంలోనో చూసిన ఒక జంతువు బొమ్మను తీసుకుని ఈ పాఠంలోని మూడు ప్రశ్నలతో పరిశీలించండి.